నదికి అవతల వెర్లిన్

నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో బ్రెడ్డు లారీ నడిపే వెర్లిన్ హ్రుస్కా టోపీ వెనక్కి నెట్టి, ఈల వేసుకుంటూ పనికి బయల్దేరే మనిషి. నిరుడు చలికాలం, అవతలి అయోవా రాష్ట్రానికి దాటించే మిస్సోరి నది వంతెన మీద మంచుకు లారీ జారింది. అప్పటి నుంచి వంతెన వచ్చినప్పుడల్లా బండి పక్కకు ఆపి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, అరగంట చూయింగ్ గమ్ నములుతాడు. చూడలేక భార్య నెల్డా, ఆన్‌లైన్‌లో మాట్లాడి మనసులోని భయాలు నయంచేసే, లైసెన్సున్న క్లినికల్ సోషల్ వర్కర్ల జాబితా అతని ముందు పెట్టింది. "పళ్లన్నీ చూపించేవాళ్లకి నా భయం ఏం తెలుస్తుందే," అంటూ వెర్లిన్ ఫొటోలన్నీ తిప్పి, నవ్వని ఒకామెను ఎంచుకున్నాడు. ఆమె పేరు ప్రూయిట్.

మంగళవారం మూడింటికి ఆమె ఫోన్ తెర మీదికి వచ్చేసరికి వెర్లిన్ ఇంకా అవతలి ఒడ్డునే లారీలో ఉన్నాడు. "ఇప్పుడు మీరెక్కడున్నారండీ?" అని ముందుగా అడిగిందామె. "అయోవాలో, నది పక్కన." "నా లైసెన్సు నెబ్రాస్కా రాష్ట్రంలో ఉన్నవాళ్లకే. మీరక్కడుంటే నేను మాట్లాడకూడదు. ఇవతలికి వచ్చేయండి." "రాగలిగితే మీతో పనేముంది మేడమ్?" ఆమె నవ్వేసింది. "నిజమే. ఈ గంట మీదే. నేనెక్కడికీ పోను, వచ్చి పిలవండి." వెర్లిన్ బండి కదిలించాడు. ఆమెకు ఏం చెప్పాలో పైకే అనుకుంటూ వంతెనంతా వచ్చాడు. ఇవతలి ఒడ్డు చేరి పిలిచేసరికి చొక్కా చెమటకు తడిసిపోయింది. "నెబ్రాస్కా," అన్నాడు. "ఎలా వచ్చారు?" అని అడిగిందామె. "ఆగకుండా వచ్చానండీ," అన్నాడు వెర్లిన్. ఆ మాట అతనికే కొత్తగా వినిపించింది.