రాగి తీగకు వేసిన ముడి

ఒక కంప్యూటర్ చెప్పిన మాట రాగి తీగ మీదుగా ఇంకో కంప్యూటర్‌కు చేరాలంటే మధ్యలో ఒక చిన్న డబ్బీ ఉండాలి. ట్రాన్సీవర్ అంటారు. తొంభైల్లో షాద్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఆ డబ్బీలు తయారయ్యేవి. డబ్బీ లోపల కందిగింజంత నల్లటి ఉంగరం ఉంటుంది. దానికి వెంట్రుకంత రాగి తీగ చుట్టాలి. అంత చిన్నదాన్ని ఆ షెడ్డులో చుట్టే మిషను లేదు, ఆడవాళ్ల వేళ్లే చుట్టాలి. పన్నెండు మందిమి చుట్టేవాళ్లం. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ నోట్లో ఉమ్మి ఊరుతుంది, మింగడానికి కాదు.

నాది నల్గొండ వైపు నేత ఇల్లు. మగ్గం ఆగిపోయాక, నలభై దాటిన వయసులో షాద్‌నగర్ చేరాను. నేతపని చేసిన చెయ్యి తీగను కూడా బాగా పడుతుందని వెంటనే తీసుకున్నారు. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేశాను.

తీగ మీద ఎర్రటి వార్నిష్ పూత ఉండేది. కొసల దగ్గర అది పోవడానికి కరిగిన సీసంలో ముంచేవాళ్లం. ఆ పొగ గొంతులో చేదుగా దిగేది. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే వేళ్ల నుంచి అదే కంపు. సూపర్‌వైజర్ మాత్రం గాలి వచ్చే తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, గుట్కా నములుతూ, డబ్బీల మీద తనిఖీ ముద్ర కొట్టేవాడు. ఒక్కో డబ్బీని మీటరుకు తగిలించి చూశాకే కొట్టాలి. వాడు మీటరు ముట్టుకోవడం ఎప్పుడో గాని చూడలేదు. మూతి తుడుచుకున్న చేత్తోనే ముద్ర కొట్టేవాడు. ఛీ.

నా పక్క బల్ల దగ్గర ఒక ముస్లింల పిల్ల కూర్చునేది. ఇరవై ఏండ్లుంటాయి. తండ్రి దర్జీ. చూపు మందగించి మిషను మూలకు పెట్టాడు. ఇల్లంతా ఆ పిల్ల పని మీదే. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అన్నాలు తిన్నాక అట్టముక్కల మీద పెన్సిల్‌తో రాయించేది.

"పెద్దమ్మా, గిది మ గాదు, వ. తోక ఉంటెనే మ."

"నాకు తోకలు, ఈకలు తెల్వయి బిడ్డా. తీగె ఇయ్యి, సుట్టిపెడ్త."

ఆమె నోరు ఊరుకునేది కాదు. ఒకసారి యజమాని సేటు షెడ్డులోకి వచ్చినప్పుడు ముఖం మీదే అడిగింది: "సేట్ సాబ్, గీ పొగకు జర పంకా పెట్టిస్తరా? గొంతులు పోతున్నయి." అప్పటి నుంచి సూపర్‌వైజర్‌కు ఆమె అంటే గిట్టదు.

ఇక నా తప్పు చెప్పాలి. చుడుతుండగా తీగ తెగితే దాన్ని పారేసి కొత్త ఉంగరం మొదలుపెట్టాలని నియమం. మా ఇంట్లో తెగిన పోగును పారేసినవాళ్లు లేరు. రెండు కొసలు కలిపి, పురిపెట్టి, అతుకు కనపడకుండా నేయడమే మాకు పనితనం. ఇక్కడా అదే చేశాను. తీగ తెగినప్పుడల్లా ముడివేసి పై చుట్టు కింద దాచాను. వేలితో తడిమినా తెలియదు. గర్వపడ్డాను కూడా. పురిపెట్టిన చోట వార్నిష్ గీరుకుపోయి పక్క తీగకు తగులుతుందని, డబ్బీ మూగబోతుందని నాకేం తెలుసు? మీటరుకు తెలిసేది. పెడితే గదా!

హైదరాబాద్ నుంచి ఒక పెట్టెడు డబ్బీలు వాపసు వచ్చాయి. సూపర్‌వైజర్ ఒకదాన్ని పగలగొట్టి, చుట్లు విప్పి, ముడిని వెలుతురుకు ఎత్తి చూశాడు. దూరం నుంచే గుర్తుపట్టాను, నాదే. అయినా రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజులు నా మీద నాకు పుట్టిన రోత వాడి మీద ఉన్నదానికి తక్కువేం కాదు.

మూడో రోజు వాడు నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు.

"గీడ సంతకం పెట్టు."

"ఏం రాసిన్రు సార్?"

"నీకెందుకు? అందరు పెట్టిన్రు. పేరు రాస్తున్నవ్ గదా, పెద్ద సదువుకున్నదానివి!"

వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. వాడు కాలు ఊపుతూ కూర్చున్నాడు. చెడిన డబ్బీలన్నీ పక్క బల్ల పిల్ల చుట్టినవట. ఆమె ముడులు వేస్తుంటే నేను కళ్లారా చూశానట. ఆమెను పనిలోంచి తీసేయాలట. కింద నా పేరు వాడే రాసి, సంతకానికి జాగా వదిలాడు.

పెన్ను తీసుకుని ఆ జాగాలో రెండు వరుసలు రాశాను. పేరు కాకుండా నా సొంత మాట రాయడం అదే మొదటిసారి. నోటితో ఎట్లా అంటామో అట్లాగే రాశాను: 'ముడ్లు నావి. సూడకుంట ముద్ర కొట్టింది నువ్వు.'

వాడు మొదటి వరుస చూసి పగలబడి నవ్వాడు. షెడ్డు వైపు తిరిగి గట్టిగా చదివాడు.

"ఇనుండ్రి! ముడ్లు నావి అంటుంది ముసల్ది! ఎన్నున్నయే నీకు?"

పదిమంది ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అందరూ అలాంటి కాగితం కిందే వేలిముద్ర వేసి వచ్చినవాళ్లు. పక్క బల్ల పిల్ల ఒక్కతే నవ్వలేదు.

ఆ గోల విని సేటు తన గదిలోంచి వచ్చి కాగితం లాక్కున్నాడు. మొదటి వరుసకు వాడి మూతీ వంకరపోయింది. రెండో వరుస దగ్గర ఆగాడు.

"ముడి ఎవరేసిన్రు?"

"నేనే సేట్. నేతోళ్ల చెయ్యి, పారెయ్య బుద్ధి గాలె. గా పిల్లకు ఎరుకనే లేదు."

"మరి చెకింగ్?" అన్నాడు సూపర్‌వైజర్ వైపు తిరిగి.

"మీటర్ ఖరాబు ఉండె బావా."

ఎన్ని రోజుల నుంచి ఖరాబో సేటు అడగలేదు. అడిగితే ఇంట్లో భార్యకు జవాబు చెప్పుకోవాలి, వాడు ఆమె తమ్ముడు. నా వైపు చూసి, "నువ్వు రేపటి సంది రాకు. గా పిల్లను ఉండనియ్యి," అన్నాడు. అయిపోయింది.

పిల్ల గేటు దాకా వచ్చింది. ఏడుస్తూనే నన్ను దిద్దింది.

"డ కింద ల వత్తు గాదు పెద్దమ్మా. డు, లు... పక్కపక్కన రాయాలె."

"ఇప్పుడు సెప్తె ఏం ఫాయిదా? లోపలికి నడువు. మల్ల గిదొక సాకు దొరుకుతది వానికి."

చాలా రోజుల తర్వాత బస్టాండులో కలిసినప్పుడు చెప్పింది, ఆ షెడ్డులోనే ఇంకా రెండేండ్లు చేసిందట. పంకా రాలేదు. సూపర్‌వైజర్ మారలేదు. ప్రతి పొద్దునా ఆ గుట్కా మూతికి 'నమస్తే సార్' అని చెప్పాకే లోపలికి పోయేదట. నేను ఆమెకు మిగిల్చింది ఆ కొలువు.