సీసాలో పెరుగుతున్న తోలు

మా వదిన నడుము మీది పుండు మానడం లేదని నాకు తెలిసేసరికే ఆలస్యమైంది. రోజంతా గొర్రెల వెంట తిరిగే మనిషి, లంగా జారకుండా నాడా బిగించి కట్టుకునేది. అది ఒరుసుకున్న చోట ఏళ్ళ తరబడి నల్లటి చార ఉండేది. మా ఇళ్ళల్లో ఆ చార లేని ఆడమనిషి ఉండదు కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. పుండు ఆ చార మీదే లేచింది. పసుపు రాసింది, వేపాకు నూరి పెట్టింది. నాడా మాత్రం మళ్ళీ అక్కడే కట్టింది.

అన్న పోయాక ఆమె మంచిచెడ్డలు నావే. మహబూబ్‌నగర్‌లో కాలేజీ జంతుశాస్త్ర ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి దవాఖాన పనులన్నీ నాకే వదిలేస్తారు. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు పుండు అంచు నుంచి చిన్న ముక్క తీశాడు. సగం పరీక్షకు పోతుందని, ఆమె ఒప్పుకుంటే తక్కిన సగం హైదరాబాదులో చర్మకణాల మీద పరిశోధన చేసే ల్యాబుకు పంపుతానని చెప్పాడు. రాపిడి తిన్న చర్మం క్యాన్సరుగా ఎలా మారుతుందో అక్కడ చూస్తున్నారట.

"పని అయినంక మన్నుల పెడ్తరు గదా?" అని వదిన అడిగింది. హడావిడిలో ఉన్న డాక్టరు తలూపాడు. ఆమె వేలిముద్ర వేసింది.

రిపోర్టులో క్యాన్సరనే వచ్చింది. గజ్జల్లోకి పాకకముందే కోసి తీసేయాలన్నారు. హైదరాబాదులో ఆపరేషనుకు తేదీ దొరికింది. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

ఇంకో వారం ఉందనగా ల్యాబు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడిన అమ్మాయిది కల్వకుర్తి దిక్కు. వదిన ఆరోగ్యం అడిగి, కణాలు నిలదొక్కుకున్నాయని, బాగా పెరుగుతున్నాయని చెప్పింది. మంచి కబురే కదా అని నేను వెళ్ళి వదినకు చెప్పాను.

ఆమె రొట్టె కొట్టడం ఆపింది. "పెరుగుతాందా? ఏడ?"

"సీసాల పెట్టి తిండి పోస్తరు, వదినె."

"నా తోలుకా?"

"ఇప్పుడు దానికి నీకు ఏం సంబంధం లేదు."

"సచ్చిందనుకున్న, పారేసినరనుకున్న. కోసిన గోరు గూడ మన్నుల కలుపుతం మనం. గది ఆడ తిని బలుస్తాంటే ఈడ నాది ఊకుంటదా? ఒక్క రోగాన్ని రెండు దిక్కుల సాదుతున్నవా తమ్మీ?"

బొమ్మలు గీసి చెప్పాను. బతిమాలాను. కోపం చేశాను. సీసాలోది చచ్చినాకనే కత్తి కిందికి వస్తానంది. రోజులు అయిపోతున్నాయి. చివరికి ఆ అమ్మాయికే ఫోను చేశాను. వదిన అన్నదంతా చెప్పాను. "శానామంది కణాలు సీసాల నిలబడనే నిలబడవు సార్. కానీ అవ్వ వద్దంటే వద్దే. ఒక్కసారి తీస్కరండి, సూసినంక చెప్పమనండి" అంది.

ఆపరేషనుకు ముందు రోజు వెళ్ళాం. ఆ అమ్మాయి మైక్రోస్కోపులో మొదట ఆరోగ్యమైన చర్మకణాలు చూపించింది, ఆ తర్వాత వదినవి. వదిన చాలాసేపు కన్ను తీయలేదు.

"గివి ఒకదానిమీదొకటి ఎక్కుతున్నయి."

"అవునవ్వా. మంచివైతే పక్కదానికి తగలంగనే ఆగుతయ్. గివి ఆగవు. ఎందుకాగవో గదే సూస్తున్న."

"ఎన్నొద్దులసంది?"

"నాలుగేండ్లాయె."

"పెండ్లి గిట్ల చేస్కోలేదా మరి?"

"గివి ఇడిస్తే గదా."

నేను నవ్వాను. వదిన నవ్వలేదు. "సంపు" అంది.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె చేతులకు తొడుగులు వేసుకుని సీసాలో బ్లీచింగు ద్రావణం పోసింది. కణాలకు తిండిగా పోసిన గులాబీ నీళ్ళు రంగు విరిగి తెల్లబడ్డాయి.

"ఇంకేడనన్న దాచినవా?"

లేదంటే సరిపోయేది. నేను లోపల అదే కోరుకున్నాను. ఆ అమ్మాయి అలమారా తలుపు తీసి మరో సీసా తెచ్చి వదిన ముందు పెట్టింది.

"ఇంకొకటి ఉందవ్వా. గింతే."

అందులోనూ పోసింది. పోసినాక సీసా మీంచి చేయి తీయలేదు. వదిన ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

"రేపు కోసినంక నా ఒంట్లకెంచి పోతది గద" అంది. "అప్పుడు తీస్కో బిడ్డా, ఎంత కావాల్నంటే గంత. నా ఒంట్ల లేనిదాన్ని నువ్వెంత పెంచుకున్నా నాకేం ఫికరు లేదు. పనైనంక మన్నుల పెట్టు."

మర్నాడు ఆపరేషను గది బయట ఆ అమ్మాయి మంచుపెట్టె ఒళ్ళో పెట్టుకుని బెంచీ అవతలి కొసన కూర్చుంది. ఇద్దరం ఒకే తలుపు వైపు చూస్తున్నాం. ముందు నర్సు వచ్చి, కోసిన ముక్క ఉన్న సీసా ఆమెకు ఇచ్చి వెళ్ళింది. దాన్ని మంచులో పెట్టింది కానీ లేవలేదు. తొందరగా ల్యాబుకు చేర్చాల్సిన వస్తువని నాకు తెలుసు. వెళ్ళమన్నాను.

"డాక్టర్ సార్ బయటికి రానియ్యండి" అంది.

ఆపరేషను చేసిన డాక్టరు వచ్చి, పుండు మొత్తం వచ్చేసిందని, గజ్జల్లోకి పోయినట్టు లేదని చెప్పాడు. అప్పుడు ఆ అమ్మాయి లేచి, పెట్టె పట్టుకుని, మెట్ల వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.