తువ్వాల కింద లాప్‌టాప్

"ఏమయ్యా, నువ్వు పిల్లను చూడనీకి వచ్చినవా, ఎద్దును కొననీకి వచ్చినవా?"

పెళ్లిచూపుల్లో లిదియా తోమాను ముఖం మీదే అడిగిన ప్రశ్న ఇది. అడగక ఏం చేస్తుంది? "ఒకసారి లోపలి దాకా నడిచి రా" అన్నాడు మరి. "ముందు నువ్వు నడువు, కుంటుతున్నవేమో నేను చూస్త" అంది లిదియా. తోమా బుద్ధిగా లేచి నడిచాడు. లిదియా కూడా లోపలికి పోయి తిరిగొచ్చింది. సంబంధం కుదిరింది.

తోమా ఎడ్ల దళారి. లోకంలో ఏ వస్తువైనా ఆయనకు ఎద్దే. ఫ్రిజ్ కొంటే ముందు వెనక్కి పోయి తోక చూశాడు. చర్చికి కొత్త హార్మోనియం వస్తే, ఎద్దు వయసుకు పండ్లు చూసినట్టు దాని మెట్లు తడిమి, "ఇంక పాలపండ్లే. పాటకు కట్టనీకి రెండేండ్లు పడతది" అని తేల్చాడు. పాస్టరు కీర్తన మధ్యలో నవ్వాపుకోలేక దగ్గాడు.

ఇలాంటి మేనమామతో లాప్‌టాప్ కొనడానికి పోవడమంటే నిస్సీకి తల కొట్టేసినట్టయింది. కానీ కందులమ్మిన పాతికవేలు తల్లి రోజ తెచ్చి అన్న చేతిలోనే పెట్టింది. కంప్యూటర్ డిగ్రీలో చేరిన పిల్ల, ప్రాక్టికల్స్ నెత్తిమీదికొచ్చాయి. పైగా ఏది కొనాలో తెలియని అయోమయం. వీడియోల్లో ఒకాయన కొనమన్నదాన్ని ఇంకొకాయన ముట్టొద్దంటాడు. ర్యామ్ చూడమని ఒకరు, ప్రాసెసర్ చూడమని ఒకరు. మామేమో పండ్లు చూద్దామంటాడు.

నారాయణఖేడ్‌లో ధర్మేందర్ కొట్టు. బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు పెట్టాడు. తోమా మొదటిదాని మూత తెరిచాడు.

"పండ్లు నిండినయి. గిది ఏం తింటది?"

"కరెంటు."

"ఎంతసేపు మేస్తే ఎంత దూరం నడుస్తది?"

"గంటన్నర మేస్తే ఆరు గంటలు."

"మంచి గొడ్డే. గాని రొప్పుతుందేంది?"

"అది ఫ్యాను, తోమన్నా."

నిస్సీ సిగ్గుతో గోడకేసి చూసింది. చెయ్యి మాత్రం మూడోదాని మీదికి, ఆ వెండిరంగు దాని మీదికి పోయింది. ధర వినగానే వెనక్కొచ్చింది. కాసేపటికి మళ్లీ పోయింది.

"మామా, గీ పాతది చాలు. ఎవరో వాడి అమ్మిందట, అగ్గువ" అంది చివరికి, రెండోదాన్ని చూపిస్తూ.

తోమా భుజం మీది తువ్వాల తీసి ధర్మేందర్ చేతి మీద కప్పాడు. ఎడ్ల సంతలో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని చెబుతారు. ధర్మేందర్ తండ్రి నాగల్‌గిద్ద దిక్కు ఎడ్లు అమ్మినవాడే, కాబట్టి అతనికీ ఆ భాష వచ్చు. తువ్వాల కదిలింది. ధర్మేందర్ కనుబొమ్మలు లేచాయి, దిగాయి.

"మామా, డబ్బా మీదనే ధర రాసుంది గద!"

"రాసింది లోకానికి. బేరం మనకు."

వెండిరంగుది సంచిలోకి వచ్చింది. "ఎంతకిచ్చిండు?" అంటే, "మీ అమ్మ ఇచ్చిన పైసలకే" అన్నాడు. ఎలాగో నిస్సీకి అంతు పట్టలేదు.

కాలేజీలో మామ బేరం గురించి గొప్పలు పోయింది. స్నేహితురాలు సంధ్యారాణి తనూ పాతికవేలు పట్టుకుని, నిస్సీని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చింది. ధర్మేందర్ బుర్ర గోక్కున్నాడు.

"గా పైసలకు అది రాదు బిడ్డా."

"మా మామకిస్తివి గద!" అంది నిస్సీ.

"మీ మామ తక్కిన పైసలు సంతసంతకు ఇన్ని ఇస్తనన్నడు. నీకు చెప్పొద్దన్నడు."

నిస్సీ నేరుగా తోమా ఇంటికి పోయింది. "నేను పాతది చాలన్న గద మామా!"

"నోటితోని అన్నవు. దాన్ని ఒక్కపారి గూడ ముట్టలే. వెండిరంగుదాన్నేమో దూడను నిమిరినట్టు నిమిరినవు. దళారి గొడ్డును చూడడు బిడ్డా, కొనేటోని చెయ్యి చూస్తడు."

"మరి పండ్లు, మేత, రొప్పుడు?"

"నీ చెయ్యి ఏడ ఆగుతదో చూడనీకి జరంత టైం కావాలె గద. లాప్‌టాప్ గురించి నాకేం తెల్సు?"

లోపలి నుంచి లిదియా తల బయటికి పెట్టింది. "మరి నన్నెందుకు నడువుమంటివి?"

"నేను నచ్చకుంటే లోపలనే ఉండిపోతవు గద అని" అన్నాడు తోమా, తువ్వాల దులుపుకుంటూ.

లిదియా లోపలికి పోయి తిరిగొచ్చింది. కోడలితో పాటు ఆయనకు కూడా చాయ్ పోసింది.

ధర్మేందర్‌కు తోమా ఇంకా తొమ్మిదివేలు బాకీ.