బాచుపల్లికి ఒకరోజు ముందుగా

నలుగురితో కలిసి ఎక్కడికైనా వెళ్ళవలసి వస్తే, ముందురోజు ఒక్కణ్ణే వెళ్ళి దారి చూసి రావడం నా అలవాటు. పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాను. రిటైరయ్యాక కూడా మానలేదు. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

అనాథ పిల్లల గృహాల్లో కొత్త నియమాలు అమలవుతున్నాయో లేదో చూడడానికి, ప్రభుత్వ కొలువులో లేని ముగ్గురితో ఆ మధ్య ఒక కమిటీ వేశారు. ఒక డాక్టరమ్మ, ఒక వకీలు, నేను. చూసి రాయడమే మా పని, ఆజ్ఞాపించే అధికారం లేదు. బాచుపల్లి అవతలి మగపిల్లల గృహానికి శనివారం వస్తున్నామని ఉత్తరం వెళ్ళింది. నేను శుక్రవారమే బయలుదేరాను.

సికింద్రాబాదులో తొలి బస్సు వదిలేసి ఏడింటిది ఎక్కాను. వెళ్ళేవారు వెనక చక్రం మీది సీటు మాత్రం ఎక్కకండి, కూకట్‌పల్లి చేరేసరికి నడుము మనది కాదు. అక్కడ ఇడ్లీ తిని బాచుపల్లి బస్సు సంగతి అడిగితే, "పొద్దుగాలదే పోయింది, ఇగ పగటికే" అన్నాడు హోటలతను. పాలక్యాన్లు దించి తిరిగి వెళ్తున్న ఎడ్లబండి దొరికింది.

"ఏడికి పెద్దాయనా?" అన్నాడు బండి తోలే ఆయన.

"పిల్లల గృహానికి."

"మీ మనుమడున్నడా ఆడ?"

"లేడు. ఊరికే చూడడానికి."

"చూస్తే ఏమొస్తది?"

నిజాంపేట దాటేదాకా అదే ఆలోచించాను. అంతలో బండి చక్రం సీల ఊడింది. మిగతా దూరం ద్రాక్షతోటల పక్కనుంచి నడిచాను. గేటు చేరేసరికి పదకొండు. పంచె రంగూ దారి రంగూ ఒకటైపోయాయి.

"ఎవరో వచ్చిండు సార్" అని కేకేసింది వంటమనిషి బాలమ్మ.

సూపరింటెండెంటు హడావిడిగా వచ్చాడు. మా గోదావరి వైపు మనిషే. "ఇంత ఆలస్యమైతే ఎలాగండీ? పిల్లలు పొద్దుట్నుంచీ వరసలో నిలబడ్డారు. కోటు తెమ్మన్నాను కదా?"

"కోటు లేదండి."

"సరే, ఈ వాలకంతోనే కానివ్వండి" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

అప్పుడర్థమైంది. రేపటి తనిఖీకి ఇవాళ రిహార్సల్. అధికారి వేషానికి ఊళ్ళో పటేలు ఎవరినో పంపుతానన్నాడట. ఆ వేషగాణ్ణి నేనే అనుకున్నాడు.

నిజం చెప్పబోయాను గానీ ఆయన సందివ్వలేదు. "భోజనం అడగండి, దుప్పట్లు అడగండి. అక్కాతమ్ముళ్ళ సంగతి మాత్రం ఎత్తకండి."

"ఏ అక్కాతమ్ముళ్ళండీ?"

"యాదమ్మ, దాని తమ్ముడు సత్తి. తోబుట్టువులను విడదీయకూడదని కొత్త నియమం. ఆడపిల్లకు గది నేనెక్కణ్ణుంచి తేను? వంటింట్లో బాలమ్మ పక్కన పడుకుంటోంది. రేపు పొద్దున్నే బండి వస్తుంది, దాన్ని వరంగల్ పంపేస్తాను. కమిటీ వచ్చేసరికి ఉండదు, ఇక అడగరు."

నిజం చెప్పే తొందర నాకు తగ్గిపోయింది.

"భోజనం ఎలా ఉంది?" అన్నాను పిల్లలతో.

"బాగుంది సార్" అన్నారంతా ఒక్కగొంతుతో.

"దుప్పట్లు?"

"మెత్తగున్నయ్ సార్."

"నీ పేరేమిటి బాబూ?"

"బాగుంది సార్."

"పేర్లు అడగడం లేదండీ, అది నేర్పలేదు" అన్నాడు సూపరింటెండెంటు.

వంటింటి గుమ్మంలో పదేళ్ళ పిల్ల, పక్కన చిన్నవాడి చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. "యాదమ్మా, నీకెక్కడ ఉండాలనుంది?" అన్నాను.

"అయ్యో, వద్దన్నాను కదండీ" అన్నాడాయన.

యాదమ్మ ఆయన్నీ నన్నూ చూసింది. "ఈడనే. సత్తికి చీకటంటే భయం. నేను లేకుంటె పండడు."

"మీరు మరీ అతి చేస్తున్నారండీ. అసలాయన ఇలా అడగడు."

"అసలాయన్ని నేనేనండి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "భలే. రేపు ఆయనా ఇంత గంభీరంగానే అంటాడు. ఏం పిల్లలూ?"

"బాగుంది సార్" అన్నారు పిల్లలు.

సరిగ్గా అప్పుడు గేటు తోసుకుని నల్లకోటు, ఎర్ర తలపాగాతో ఒకాయన వచ్చాడు. సూపరింటెండెంటు వంగి నమస్కారం పెట్టాడు. "దయచేయండి. రేపు కదండీ మీరు రావడం?"

"రేపా? పటేలు ఇయ్యాలనే అన్నడు, ఆఫీసర్ లెక్క కూసోవాలని" అన్నాడాయన. పేరు నర్సింహులు, కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరయ్యాడట. "కోటు ఇస్త్రీకిచ్చిన, జర లేటైంది." కుర్చీలో నన్ను చూశాడు. "ఈయన మంచిగనే చేస్తుండు గద. నేను పోవాల్నా?"

సంచిలోంచి నా నియామకపు ఉత్తరం తీసి ఇచ్చాను. సూపరింటెండెంటు చదివి, పిల్లల బల్ల మీద కూలబడ్డాడు. బాలమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. దుప్పట్లు తడిమి చూశాను, నిజంగానే మెత్తగా ఉన్నాయి. పిల్లలతో పాటే తిన్నాను, పప్పు బాగుంది. "గది లేదన్న సంగతి కూడా రాస్తాను. గది అడగడం తప్పు కాదు, పిల్లను దాచేయడమే తప్పు" అన్నాను. బండి వద్దని కబురు చేస్తానన్నాడు, ఎవరితో పంపుతాడో మాత్రం చెప్పలేదు.

గేటు దగ్గర యాదమ్మ ఆపింది. "తాతా, నువ్వు నిజం ఆఫీసరువా, ఉత్త ఆఫీసరువా?"

"నిజమే."

"వారం సంది పోరగాళ్ళు ఆఫీసరాట ఆడుతున్రు, అందరు గట్లనే అంటున్రు."

"రేపు బండి కంటే ముందే వస్తాను. వస్తే నిజం."

"రాకుంటె?"

రేపటి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలనుకుంటూ గేటు దాటాను.

మధ్యాహ్నం రెండింటి బస్సులో, తనూ కూకట్‌పల్లికే వస్తున్న నర్సింహులు కోటు చూసి కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. "రేపు ఈ కోటు మీరేసుకోండి సార్. మిమ్మల్ని చూస్తే ఎవరికి భయమైతలేదు" అన్నాడు నర్సింహులు.

చూస్తే ఏమొస్తుందని బండి ఆయన అడిగాడు. నాకు తోచిందిదే: చూసేవాడు వాకిట్లో నిలబడి ఉంటే, ఆ బండి అంత తేలిగ్గా కదలదు. నిలబడాలంటే ముందు చేరాలి. సాయంత్రమే వెళ్ళి డాక్టరమ్మకూ వకీలుగారికీ చీకటితోనే లేవాలని చెప్పాలి.

"రేపు కూకట్‌పల్లిలో ఈ బస్సు ఎన్నింటికి?" అని కండక్టరును అడిగాను.

"ఆరింటికి. గంత పొద్దుగాల ఆ దిక్కు ఎవరెక్కుతరు సార్?" అన్నాడతను, కోటు కేసి చూస్తూ.

"నేనెక్కుతాను" అన్నాను.