అమ్మ కిటికీకి మద్దిచెక్క తలుపులు

మా ఇంట్లో వీధి గదికి కిటికీ పెట్టించింది డాక్టరు. అమ్మకి దగ్గు ముదిరితే నాన్న శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు క్షయ అని తేల్చి, సూదిమందుతో పాటు గాలీ వెలుతురూ కావాలన్నాడు. అరవైల చివరి మాట ఇది. మాది శ్రీకూర్మం వెళ్ళే దారిలో ఊరు, మట్టిగోడల పెంకుటిల్లు. నాన్న వీధిగోడ తవ్వించి, అమ్మ మంచం ఎత్తుకే చట్రం బిగించాడు. ఇక తలుపులు మిగిలాయి.

వడ్రంగి దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి, అందరి ఇళ్ళకీ ఉండే మద్దిచెక్క తలుపులు. రెండోది, ఎక్కడో పాత బంగ్లా పడగొడుతుంటే కొనుక్కొచ్చి పాకలో నిలబెట్టిన జత. వాటికి నిండు చెక్క ఉండదు. సన్నటి పలకలు ఏటవాలుగా ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. మూసినా గాలి వస్తుంది. లోపలివాళ్ళకి వీధి కనబడుతుంది, వీధిలోవాళ్ళకి లోపల కనబడదు. పచ్చరంగు పెచ్చులూడుతోంది కానీ కర్ర మంచిదనీ, మా చట్రానికి సరిపడేలా కోసిస్తాననీ వడ్రంగి అన్నాడు.

అమ్మ ఆ మాట విని మంచం మీద లేచి కూర్చుంది. జబ్బుతో ఆవిడ మనిషి సగమైపోయింది. ఆ రూపంతో ఎవరి కంటా పడకూడదనుకునేది. అలాగని వీధిని చూడకుండా ఉండలేదు. చేపల బుట్టలవాళ్ళ బేరాలూ, గుడికి వెళ్ళే బళ్ళూ, ఎదురింటి తగువులూ అన్నీ ఆవిడకి కావాలి.

"అవే ఎట్టించండి. నానందర్నీ సూస్తాను, నన్నెవులూ సూడరు," అంది.

నాన్న నావైపు చూశాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. నాకు పదిహేనేళ్ళు, పొగరు మాత్రం ఇంటికంతటికీ సరిపడా ఉండేది. మా చూరు ఎంత కిందికంటే తల వంచకుండా ఎవరూ లోపలికి రాలేరు. గోడలకి సున్నం, అడుగున ఎర్రమట్టి పట్టీ. ఆ ఇంటికి బంగ్లా తలుపులు పెడితే గోచీ మీద కోటు తొడిగినట్టుంటుంది.

"ఊరంతా నవ్వుతాది నాన్నా. ఇంటికి నప్పొద్దా?" అన్నాను. అసలు సంగతి, నా స్నేహితురాళ్ళు బడికి ఆ దారినే వెళ్తారు.

"అమ్మి సెప్పింది నిజమే," అన్నాడు నాన్న. అమ్మ అటు తిరిగి పడుకుంది.

మద్దిచెక్క తలుపులు వచ్చాయి. నప్పాయి, కాదనను. నలుగురూ మెచ్చుకున్నారు కూడా. కానీ తలుపు తీస్తే చాలు, దారినపోయేవాళ్ళు ఆగి తొంగిచూసి, "ఎలాటి మనిషివి ఎలాగైపోనావమ్మా" అనేవారు. నాలుగు రోజులు ఓర్చుకుని అమ్మ తలుపులు మూయించేసింది. నాన్న తీయబోతే ఏడ్చేది. గాలి కోసం పెట్టిన కిటికీ మూసే ఉండేది.

వీధిలో అలికిడైతే, "ఎవులే అది? ఏటంతన్నారు?" అని నన్ను అడిగేది. ఒకటికి పదిసార్లు లేచి వెళ్ళి చూసి చెప్పాలి. "నాకు పరీచ్చలున్నాయి. ఎవులైతే నీకేటి?" అని చాలాసార్లు కసిరాను. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. పీడ వదిలిందనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

ఆ తర్వాత నేను ఆవిడ దుప్పటి దులిపినప్పుడల్లా చెక్కపొట్టు రాలేది. పురుగు పట్టిన చెక్క అంటగట్టావని వడ్రంగిని పిలిచి తిట్టాను. అతను జబ్బుకి భయపడి గదిలోకి రాలేదు. వీధిలోంచే తలుపు తట్టి చూసి, "పురుగు నేదమ్మీ. నా సెక్క నాకు తెల్దా?" అన్నాడు. నేను నమ్మలేదు. తలుపు బయటివైపంతా కిరసనాయిలు పూశాను. ఆ వాసనకి అమ్మ ఆయాసపడుతూ కూడా నోరు విప్పలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మ పోయింది. ప్రాణం పోయేలోగా మనిషిని అరుగు మీదికి చేర్చడం మావైపు ఆనవాయితీ. మాకా వ్యవధి దొరకలేదు. పురోహితుడు లెక్కచూసి, చెడ్డ నక్షత్రంలో పోయింది, గది ఆరు నెలలు మూసెయ్యాలన్నాడు. మంచం, పక్కబట్టలు లోపలే ఉంచి తాళం వేశారు.

గడువు తీరాక సున్నం వెయ్యడానికి గది తెరిచింది నేనే. అమ్మ ఎప్పుడూ కిటికీ తలుపుకి ఆనించి ఉంచుకునే తలగడ తీశాను. దాని వెనక, పడుకున్న మనిషి కంటికి ఎదురుగా, చెక్కలో వేలికొన పట్టేంత గుంట. చుట్టూ గీతలు. మంచం నవారు సందులో అమ్మ పిన్నీసు దొరికింది, మొన వంగిపోయి ఉంది.

నా మీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుంటకి కన్ను ఆనించాను. మంచి మద్దిచెక్క అది, గట్టిది. గుంట సగం కూడా దిగలేదు. వీధిలో ఎవరో మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. ఎవరో నాకు కనబడలేదు.