మడ్‌గార్డు మీద మనిషి

పొద్దున్నే బండి తీసే ముందు ఆవిడ ఆ చిన్న ట్రాక్టర్ వెనక టైర్లను స్పానర్‌తో తట్టి, చెవి పెట్టి వింటుంది. బరువు కోసం లోపల నింపిన నీళ్లున్నంత మేరా మొద్దుగా మోగాలి, ఆపైన డొల్లగా మోగాలి. "ఏం డాక్టరమ్మా, నాడి ఆడుతోందా?" అని ఇంటాయన ఆటపట్టిస్తాడు. ఆవిడ నవ్వదు. టైర్లలో నీళ్లు నింపించక ముందు, తోట ఏటవాలులో చక్రం జారకుండా బరువు కోసం మడ్‌గార్డు మీద కూర్చునేది ఆయనే. ఓసారి పట్టుతప్పి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కుంటు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఎరువు బస్తాలతో ఏటవాలు ఎక్కుతుంటే, సగం దారిలో కుడి చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఆవిడ వెనక్కి చూసింది. ఏదో మోడు గుచ్చుకుని టైరులోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. బండి మెల్లగా వెనక్కి జారుతోంది. "ఉండు, నేనెక్కుతా!" అంటూ ఆయన కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చి మడ్‌గార్డు పట్టుకున్నాడు. ఆవిడకి పైప్రాణాలు పైనే పోయాయి. "చెయ్యి తియ్యి! అవతలికి పో!" అని అరిచింది. ఇన్నేళ్లూ 'ఏవండీ' తప్ప ఎరగని ఆ నోట ఆ మాట విని ఆయన బిత్తరపోయి వదిలేశాడు. ఆవిడ పళ్లు బిగబట్టి, రివర్సు గేరులో బండిని అలాగే కిందికి దించింది.

దిగీ దిగగానే ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది. ఆయన తడిసిన నేలకేసి చూస్తూ, "బరువంతా కారిపోయిందే," అన్నాడు.

"పోతే పోయింది. పంపు తిప్పితే అది మళ్లీ వస్తుందండీ," అంది ఆవిడ. చెయ్యి మాత్రం చొక్కా వదల్లేదు.