ఇంట్లో వదిలేసిన రెండో పుస్తకం

పన్నెండేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. నా పేరు చెప్పను. ఈ కాగితం చదివే నీకు చెప్పుకుంటే కాస్త తేలికపడతానేమోనని ఆశ, అంతే.

అప్పుడు నేను తమిళనాట కోవిల్‌పట్టి దగ్గర మా ఊరి మున్సబును. జనన మరణాల పుస్తకాలు నా దగ్గరే ఉండేవి. మా తమ్ముడి ఎద్దులు ఒక విధవరాలి పత్తిచేలో పడ్డాయి. అడగవచ్చిన ఆమెను తమ్ముడు కొట్టాడు. ఆమె కొడుకు గురవయ్య చేతిలో కొడవలి ఉంది. తమ్ముడు ఆ చేలోనే పోయాడు.

గురవయ్య కంటే నాలుగేళ్ల ముందు ఆమెకొక కొడుకు పుట్టి, ఏడాదికే చనిపోయాడు. తాత పేరు ఇంట్లో నిలవాలని, పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం మా వాళ్ల అలవాటు. పెద్దవాడి పుట్టుక మొదటి పుస్తకంలో ఉంది. వాడి చావు, చిన్నవాడి పుట్టుక రెండో దాంట్లో ఉన్నాయి. రెండూ నా చేతిరాతే. గురవయ్య వయసు రుజువుకని కోర్టుకు మొదటిదే తీసుకెళ్లాను.

మెట్ల దగ్గర ఆ తల్లి నా కాళ్ల మీద పడింది. "అన్నా, సచ్చినోడి పేరే వీనికి పెట్టినామని నీకు తెలుసునే! పదైదేండ్ల బిడ్డ అని ఒక్క మాట సెప్పన్నా."

"కోర్టులో మాట్లాడేది పుస్తకమే, నేను కాదమ్మా" అన్నాను.

జడ్జి తొందరపడలేదు. మీసం రాని గురవయ్య మొహం వంక చాలాసేపు చూశాడు. డాక్టరు వయసు తేల్చలేకపోయాడు. పదిహేనేళ్లవాడైతే కుర్రాళ్లను దిద్దే బడికి పంపవచ్చనీ, పంతొమ్మిదైతే వీల్లేదనీ చెప్పి, "ఇంకో పుస్తకం ఉందా?" అని నన్నే అడిగాడు. లేదన్నాను. యావజ్జీవం వేశాడు.

తమ్ముడి మీద ప్రేమతోనే చేశానా? లేక, తల్లిని కొడితే ఏ కొడుకు ఊరుకుంటాడని నా మనసే అంటుంటే, దాని నోరు మూయడానికి చేశానా? ఇప్పటికీ తెలియదు.

నాలుగేళ్లకు జైలు నుంచి కాగితం వచ్చింది. జ్వరంతో పోయాడట. రెండో పుస్తకం తెరిచి అదే పేరు మరణాల్లో రెండోసారి రాశాను. వయసు దగ్గర కలం ఆగింది. ఇరవైమూడు అని రాశాను. అప్పుడు కూడా!

ఇప్పుడు విరుదునగర్‌లో కూతురింట కూర్చుని, ఈ కాగితం మీదైనా ఆ అంకె దిద్దుతున్నాను. కోర్టులో నేను వాడికి అంటగట్టిన వయసు, వాడు చనిపోయేనాటికి గాని రాలేదు. పంతొమ్మిది. ఇదిగో, రాశాను.